కింద ఉన్న హల్లు ఎవరిది? హంగుల్ అక్షరాల కూర్పు గురించి

కొరియా లిపి హంగుల్‌ను వివరిస్తూ 1446లో వెలువడిన గ్రంథానికి మలిమాట రాసిన జొంగ్ ఇన్‌జి అనే పండితుడు, తెలివిగలవాడు ఈ వర్ణాలను ఒక ఉదయం గడిచేలోపే గ్రహిస్తాడనీ, మందమతి కూడా పది రోజులలో నేర్చుకోగలడనీ అన్నాడు. ఆ మాటను నమ్మి ఒక సెలవు రోజున కూర్చుని 24 మూల వర్ణాలనూ రాయడం, గుర్తు పట్టడం నేర్చుకున్నాను. ఆ సాయంత్రమే కొరియా దేశం పేరు ‘హన్‌గుక్’ రెండు అక్షరాలలో రాసి ఉండగా చూసి, రెండో అక్షరాన్ని ‘గ్గు’ అని చదివాను. అక్కడ పైన గియొక్ అనే హల్లు, దాని కింద ఉకారం, ఆ కింద మళ్లీ గియొక్ ఉన్నాయి. పై నుంచి కిందికి వరుసగా చదివితే అది ‘గుక్’ అవుతుంది. నా కన్ను మాత్రం అట్టడుగున ఉన్న హల్లును ఒత్తుగా తీసుకుంది. ‘క్కు’ అని రాసినప్పుడు కొమ్ము పై హల్లుకే అంటుకుని ఉన్నా దానిని ఒత్తు తరువాతే పలుకుతాము కదా, అదే అలవాటుతో రెండు హల్లులనూ కలిపి పలికి అచ్చును చివరికి పంపింది.

వర్ణాలన్నీ తెలిసి ఉండి కూడా అక్షరాన్ని తప్పుగా చదివానంటే, వర్ణాలు నేర్చుకోవడం, వాటి కూర్పు నేర్చుకోవడం రెండు వేర్వేరు పనులన్నమాట. అప్పటి నుంచి ఈ కూర్పు మీద నాకు కలిగిన ఆసక్తి ఇంతవరకూ తగ్గలేదు. హంగుల్ గురించి చెప్పేవారు సాధారణంగా వర్ణాల రూపాలనే ఎక్కువగా మెచ్చుకుంటారు. అవి మెచ్చదగినవే, కానీ నా దృష్టిలో అసలు గొప్పతనం ఆ వర్ణాలను అక్షరాలుగా పేర్చిన తీరులో, ముఖ్యంగా కింద చేరే హల్లును అర్థం చేసుకున్న తీరులో ఉంది.

ముందుగా రెండు మాటలు స్పష్టం చేసుకోవాలి. ఒక్కొక్క ధ్వనికి గుర్తు వర్ణమనీ, ఒక్క ఊపులో పలికే వర్ణాల సముదాయం అక్షరమనీ ఈ వ్యాసమంతటా వాడుతున్నాను. అలాగే అకారానికీ ఒకారానికీ నడుమ పలికే కొరియన్ అచ్చును ‘ఒ’ అనీ, పెదవులను గుండ్రంగా చుట్టి పలికే మరొక అచ్చును ‘ఓ’ అనీ రాస్తున్నాను. పెదవులు చుట్టకుండా పలికే ఉకారం కూడా ఒకటి ఉంది, దానికి తెలుగులో సాటి లేదు కనుక దానినీ ‘ఉ’ అనే రాయక తప్పడం లేదు.

వర్ణాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జోసొన్ రాజవంశంలో నాలుగవ రాజైన సేజోంగ్ ఈ లిపిని 1443 చివరిలో సిద్ధం చేసి 1446లో ప్రకటించాడు. మొదట 17 హల్లులు, 11 అచ్చులు, మొత్తం 28 వర్ణాలు ఉండేవి. వాటిలో నాలుగు కాలక్రమంలో వాడుక తప్పి, నేటికి 14 హల్లులు, 10 అచ్చులు మిగిలాయి. హల్లుల రూపాలు నోటిని చూసి గీసినవి. గియొక్ అడ్డంగా వెళ్లి కుడి చివర కిందికి వంగే గీత. ‘గ’ పలికేటప్పుడు నాలుక మొదలు పైకి లేచి గొంతు దారిని మూసే భంగిమ అది. నియున్ నిలువుగా దిగి కుడికి తిరిగే గీత; ‘న’ పలికేటప్పుడు నాలుక కొన పైకి లేచి తాకే భంగిమ అది. మియుమ్ చదరంగా ఉంటుంది, అది నోరు. సియొత్ రెండు గీతలు పైన కలిసి కింద విడిపోయిన రూపం, అది పన్ను. ఇయుంగ్ వృత్తం, అది గొంతు. ధ్వని బలపడినప్పుడల్లా ఒక గీత చేరుతుంది. గియొక్‌కు ఒక గీత చేరిస్తే ఒత్తి పలికే ‘ఖ’, నియున్ మీద ఒక గీత పెడితే ‘ద’, ఇంకొకటి చేరిస్తే ‘థ’ వస్తాయి. ఈ వివరణలున్న మూల గ్రంథపు ప్రతి 1940లో ఆన్‌దోంగ్‌లో వెలుగు చూసే వరకు, తలుపుల జాలీల అల్లికను చూసి ఈ గీతలను కల్పించారనే ఊహలు కూడా ఉండేవి. ఆ ప్రతి ఇప్పుడు సోల్‌లోని కాన్‌సోంగ్ మ్యూజియం అధీనంలో ఉంది. 1997లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇక కూర్పు విషయానికి వస్తాను. హంగుల్‌లో వర్ణాలను ఒకదాని పక్కన ఒకటి దండగా గుచ్చరు. ప్రతి అక్షరానికీ కంటికి కనపడని ఒక చదరపు గడి ఉంటుంది. ఆ అక్షరంలోని వర్ణాలన్నీ ఆ గడిలో సర్దుకోవాలి. రెండు వర్ణాలున్నా నాలుగు వర్ణాలున్నా గడి పరిమాణం మారదు, లోపలి వర్ణాలే తమ కొలతలు మార్చుకుంటాయి. గడిలో ఎవరెక్కడ కూర్చోవాలో నిర్ణయించేది అచ్చు. నిలువు గీత ఆధారంగా ఉన్న అచ్చులు, అంటే నిలువు గీతకు కుడి వైపు చిన్న గీత ఉన్న ‘అ’, ఎడమ వైపు ఉన్న ‘ఒ’, ఒట్టి నిలువు గీత అయిన ‘ఇ’ మొదలైనవి హల్లుకు కుడి పక్కన నిలబడతాయి. అడ్డ గీత ఆధారంగా ఉన్నవి, అంటే అడ్డ గీతకు పైన చిన్న గీత ఉన్న ‘ఓ’, కింద ఉన్న ‘ఉ’ మొదలైనవి హల్లు కింద పరుచుకుంటాయి. ‘నేను’ అనే అర్థమిచ్చే ‘న’లో నియున్ ఎడమన, అకారం కుడిన ఉంటాయి, ఆవు అనే అర్థమిచ్చే ‘సో’లో సియొత్ పైన, ఓకారం కింద ఉంటాయి. రెండు అచ్చులు కలిసిన సంయుక్త స్వరాలలో ఒక భాగం కింద పరుచుకుంటే మరో భాగం పక్కన నిలబడి హల్లును రెండు వైపులా చుట్టుకుంటుంది; చెవి అనే అర్థమిచ్చే ‘గ్వి’ అటువంటిది. ఈ మూడు అమరికలలో దేనికైనా అడుగున మరొక హల్లు చేరవచ్చు: ‘సన్’ అంటే కొండ, ‘నున్’ అంటే కన్ను, ‘వంగ్’ అంటే రాజు. కనుక ఎంత పెద్ద గ్రంథాన్ని తెరిచినా ఈ ఆరు అమరికలే తిరిగి తిరిగి కనిపిస్తాయి.

అచ్చుతో మొదలయ్యే అక్షరంలో హల్లు స్థానం ఖాళీగా ఉండాలి కదా అన్న సందేహం రావచ్చు. హంగుల్ ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచదు. అక్కడ ఇయుంగ్ అనే వృత్తాన్ని పెడుతుంది. మొదట ఉన్న వృత్తానికి ధ్వని లేదు, అది చోటు నిలిపే గుర్తు మాత్రమే. అదే వృత్తం గడి అడుగున ఉంటే ‘ఙ’ ధ్వని. ఒకప్పుడు ఇవి రెండూ కొద్ది తేడాతో రెండు వేర్వేరు వర్ణాలు. ధ్వని లేనిది అడుగున పలకవలసిన పని లేదు, ‘ఙ’ మొదట రావలసిన పని లేదు కనుక ఇద్దరూ ఒకే రూపంలో ఒదిగిపోయినా గందరగోళం ఏర్పడలేదు. పూర్వం చైనీయ మూలం గల మాటలను రాసేటప్పుడు అక్షరం అచ్చుతో ముగిసినా అడుగున కూడా ధ్వని లేని వృత్తాన్ని పెట్టి, మూడు స్థానాలనూ నింపే పద్ధతి కొంతకాలం నడిచింది. ఆ అదనపు వృత్తం తరువాత పోయింది, మొదటి స్థానంలోని వృత్తం మాత్రం నిలిచింది.

వర్ణాల పేర్లలోనే కూర్పు పాఠం ఉందని గమనించినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. 1527లో చ్వే సేజిన్ అనే పండితుడు పిల్లలకు చైనా లిపి నేర్పే పుస్తకంలో ఈ హల్లులను పరిచయం చేస్తూ ఇచ్చిన పేర్లే కొద్ది మార్పులతో నేటికీ వాడుకలో ఉన్నాయి. నియున్ అనే పేరు ‘న’తో మొదలై ‘న్’తో ముగుస్తుంది, మియుమ్ ‘మ’తో మొదలై ‘మ్’తో ముగుస్తుంది, రియుల్, బియుప్, ఇయుంగ్ కూడా అంతే. ఆ హల్లు అక్షరం మొదట ఎలా పలుకుతుందో, చివర ఎలా పలుకుతుందో పేరు పలికితే చాలు తెలిసిపోతుంది. గియొక్, దిగుత్, సియొత్ అనే మూడు మాత్రం ఆ వరుసకు కొంచెం తప్పుతాయి. ఆయన పేర్లను చైనీయ అక్షరాలతో రాయవలసి వచ్చింది, వరుస ప్రకారం కావలసిన ధ్వనికి సరిపడే చైనీయ అక్షరాలు లేక ఇలా సర్దుకున్నాడు. ఉత్తర కొరియాలో ఆ మూడింటిని కూడా వరుసలోకి తెచ్చి గియుక్, దియుత్, సియుత్ అంటారు.

అక్షరం మొదటి హల్లు, చివరి హల్లు ఒకే వర్ణమన్న ఈ మాట ఈనాడు మనకు సహజంగా తోస్తుంది కానీ, సేజోంగ్ కాలానికి అది ఒక ఆవిష్కరణ. అప్పటి చైనా ధ్వనిశాస్త్రం అక్షరాన్ని రెండు ముక్కలు చేసేది: మొదటి హల్లు ఒకటి, మిగిలినదంతా మరొకటి. ‘సన్’ అనే అక్షరం వారికి ‘స్’, ‘అన్’. సేజోంగ్ ఆ రెండో ముక్కను మళ్లీ విడదీసి, నడిమి ధ్వనిని అచ్చుగా వేరు చేశాడు. మిగిలిన తుది ధ్వనికి కొత్త గుర్తు ఏదీ చేయకుండా, మొదటి ధ్వనులకు చేసిన వర్ణాలనే మళ్లీ వాడాలని ఒక్క వాక్యంలో శాసించాడు. కొరియన్‌లో ‘గుక్’ అన్నప్పుడు మొదటి ‘గ’ విడిచి పలుకుతారు, చివరి ‘క్’ విడవకుండా లోపలే ఆపేస్తారు. చెవికి ఆ రెండూ ఒకటిగా వినపడవు. అయినా రెంటిలోనూ నాలుక చేసే పని ఒకటే అని గుర్తించడం వల్లనే, పదుల సంఖ్యలో అదనపు గుర్తులు అవసరం లేకుండా పోయింది. ఈ లిపి మొత్తంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే ఆలోచన ఇదే.

మూల గ్రంథంలో వర్ణాల కల్పనకు ఒక అధ్యాయం, మొదటి ధ్వనికి, నడిమి ధ్వనికి, తుది ధ్వనికి తలా ఒక అధ్యాయం ఉన్నట్టే, వర్ణాలను కలపడానికి కూడా ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వర్ణాలు తప్పక కలిసి తీరాలి, అప్పుడే ఉచ్చారణ ఏర్పడుతుందన్న నియమాన్ని రాజే పెట్టాడు. ఈ కలపడమే కొందరికి అభ్యంతరమైంది. రాజు నెలకొల్పిన పండిత సభలో ఉన్నత పదవిలో ఉన్న చ్వే మన్‌రి 1444లో మరికొందరితో కలిసి సమర్పించిన విజ్ఞాపనలో, రూపాలు పాత చైనా ముద్రాక్షరాలను పోలినా, ధ్వనులను బట్టి వర్ణాలను కలిపే పద్ధతి ప్రాచీనానికి పూర్తిగా విరుద్ధమని రాశాడు. ఆయన వ్యతిరేకతతో నేను ఏకీభవించను కానీ, కొత్తదనం ఎక్కడుందో ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. గడి మాత్రం పాతదే. చైనా లిపిలో ఒక అక్షరం ఒక చదరం, ఒక ఉచ్చారణ. ఆ చదరాల పక్కనే, అదే కొలతలో, అదే నిలువు వరుసలో ఒదిగి ఉండవలసిన లిపికి చదరపు గడి అవసరమైంది. వెలుపలి ఆకారం అప్పటి పాఠకుల కన్నుకు అలవాటైనదే, లోపల జరిగే పని పూర్తిగా కొత్తది.

ఇప్పుడు నా మొదటి పొరపాటు దగ్గరకు వెళతాను. కొరియన్ పిల్లలు తల్లిని ‘ఒమ్మ’ అని పిలుస్తారు. వారు దానిని ‘ఒమ్’, ‘మ’ అని రెండు గడులలో రాస్తారు. మొదటి మకారం మొదటి గడి అడుగున ఉంటుంది. మన ‘అమ్మ’లో కూడా నోరు చేసే పని ‘అమ్’, ‘మ’ అనే రెండు ఊపులే. కానీ మనం దానిని ‘అ’, ‘మ్మ’ అని రాస్తాము. మొదటి ఊపును ముగించే మకారం రెండో అక్షరంలోకి వెళ్లిపోయింది. మన లిపిలో అక్షరం అచ్చుతోనే ముగియాలి, కాబట్టి అచ్చు లేని హల్లు ముందున్న దానిని వదిలి తరువాతి దానితో జత కడుతుంది. తెలుగు అజంత భాష అవడం వల్ల ఈ ఏర్పాటు మనకు ఇబ్బంది కలిగించదు. మాటల చివర హల్లులు విరివిగా వచ్చే కొరియన్‌కు ఇది సరిపోదు.

మన ఛందస్సుకు మాత్రం ఈ సంగతి ఎప్పుడో తెలుసు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం హ్రస్వమైనా గురువవుతుందని చిన్నప్పుడు సూత్రంగా వల్లె వేశాము. ‘అమ్మ’లో ‘అ’ గురువు. కంటికి ఒంటరిగా కనిపించే ఆ ‘అ’ ఎందుకు బరువెక్కుతుంది? తరువాతి అక్షరంలో రాసిన మొదటి మకారం నిజానికి దాని పాలిటిది కనుక. కొరియన్ లిపి ఆ హల్లును తీసుకువెళ్లి గురువైన అక్షరం అడుగునే పెట్టింది. ఛందస్సులో మనం చెవితో లెక్కకట్టేది అక్కడ కంటికే కనపడుతుంది. ఈ పోలిక స్ఫురించిన తరువాత నేను ‘గుక్’ను మళ్లీ తప్పు చదవలేదు.

గడి అడుగున చేరే ఆ హల్లును కొరియన్‌లో ‘బత్చిమ్’ అంటారు. ఆనికగా కింద పెట్టేది అని ఆ మాటకు అర్థం. మొదటి స్థానంలో 19 హల్లులు రాగలవు: 14 మూల హల్లులు, వాటిలో ఐదింటిని జంటగా రాసి బిగించి పలికేవి. బత్చిమ్ స్థానంలో 27 రకాలు రాగలవు, ఎందుకంటే అక్కడ రెండు వేర్వేరు హల్లులు పక్కపక్కన కూర్చోవచ్చు. అటువంటి జోడీలు 11 ఉన్నాయి. అయితే ఈ 27 రకాలూ అక్షరం చివర ఆగి పలికినప్పుడు క్, న్, త్, ల్, మ్, ప్, ఙ్ అనే ఏడు ధ్వనులుగానే వినపడతాయి. ‘నత్’ అని వినపడే మాటలు కొన్ని చూడండి. అడుగున సియొత్ ఉంటే కొడవలి. జియుత్ అనే జకారం ఉంటే పగలు. చియుత్ అనే చకారం ఉంటే ముఖం. దిగుత్ ఉంటే ధాన్యపు గింజ. విడిగా పలికితే నాలుగూ ఒకటే. కొడవలి ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను: కొడవలిని ఎదురుగా పెట్టుకుని కూడా గియొక్ గుర్తు పట్టలేనివాడు అని నిరక్షరాస్యుడి గురించి కొరియన్లో ఒక సామెత ఉంది, గియొక్ రూపం అచ్చంగా కొడవలిదే.

వినపడని తేడాను రాయడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు తరువాతి అక్షరంలో దొరుకుతుంది. బట్టలు అనే మాటను అడుగున సియొత్ పెట్టి రాస్తారు, ఒంటరిగా ‘ఓత్’ అని పలుకుతారు. దాని తరువాత ‘ఇ’ అనే కర్తృ ప్రత్యయం వస్తే, ఆ ప్రత్యయం ముందున్న ధ్వని లేని వృత్తంలోకి సియొత్ జరిగి ‘ఓసి’ అని పలుకుతుంది. దాగి ఉన్న సకారం బయటపడుతుంది. ‘మాత్రమే’ అనే అర్థమిచ్చే ‘మన్’ వస్తే అదే మాట ‘ఓన్‌మన్’ అవుతుంది. వెల అనే మాటలో అడుగున పకారం, సకారం రెండూ ఉంటాయి: ఒంటరిగా ‘గప్’, ప్రత్యయంతో ‘గప్సి’, ‘మాత్రమే’తో ‘గమ్‌మన్’. నోటిలో మూడు రూపాలు, కాగితం మీద ఒకటే. ధ్వని లేని ఆ వృత్తం ఉండటం వల్ల ముందు అక్షరపు హల్లు పలుకుబడిలో జరిగి వచ్చినా, రాతలో తన ఇంట్లోనే ఉండగలుగుతోంది.

సంధి తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. వాక్కు, మయం కలిస్తే వాఙ్మయం. జగత్తు, నాథుడు కలిస్తే జగన్నాథుడు. వెనుక అనునాసికం రాగా ముందున్న పరుషం తన వర్గంలోని అనునాసికంగా మారుతుంది. కొరియన్‌లో జరిగేది అచ్చంగా ఇదే. ‘హన్‌గుక్’కు మాట అనే అర్థమిచ్చే ‘మల్’ చేరితే ‘హన్‌గుఙ్మల్’ అని పలుకుతారు. కకారం మకారానికి ముందు ఙకారమైంది, వాఙ్మయంలో అయినట్టే. కానీ మనం సంధి జరిగిన రూపాన్ని రాస్తాము, వారు సంధి జరగకముందున్న రూపాన్ని రాసి, సంధిని చదివేవాడికి వదిలిపెడతారు. ‘వాక్‌మయం’ అని రాసి వాఙ్మయం అని చదవడం వంటిది అది. దీని వల్ల నేర్చుకునేవాడికి శ్రమ ఎక్కువే; నాకు మొదటి నెలలన్నీ ఈ మార్పుల దగ్గరే గడిచాయి. ఫలితంగా మాట మూలం చెక్కు చెదరకుండా కంటి ముందు ఉంటుంది. ప్రత్యయాలు ఎన్ని తగిలించినా బట్టలు, వెల, పగలు తమ గడులలో తామే ఉంటాయి. వేగంగా చదివేవాడికి అది గొప్ప సాయం.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలాగే లేదు. మూల గ్రంథం తుది స్థానంలో ఏ హల్లునైనా వాడవచ్చని చెబుతూనే, వాడుకకు ఎనిమిది చాలునని కూడా చెప్పింది, ఆ తరువాతి శతాబ్దాలలో రాత ఎక్కువగా వినికిడినే అనుసరించింది. మాట మూలాన్ని నిలిపి రాయాలని ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో గట్టిగా వాదించినవాడు జు సిగ్యొంగ్ అనే భాషావేత్త. ఆయన 1914లో మరణించాడు. ఆయన శిష్యులు, అనుయాయులు ముందు నిలిచిన కొరియన్ భాషా సంఘం 1933లో ప్రకటించిన ఏకీకృత రచనా నియమాలలో ఆ సూత్రమే నిలిచింది. దేశం పరాయి పాలనలో ఉన్న రోజులలో ఈ పని జరిగిందని తలచుకుంటే, ఆ నియమాల వెనుక ఉన్న పట్టుదల అర్థమవుతుంది.

ఆ జు సిగ్యొంగే గడులను పూర్తిగా విప్పేసి, వర్ణాలను ఒకదాని పక్కన ఒకటిగా వరుసలో రాయాలని కూడా ప్రతిపాదించాడు. అచ్చు యంత్రాలకు, టైప్‌రైటర్లకు అది సులువవుతుందని తరువాతి వారిలోనూ కొందరు సమర్థించారు. ఆ ప్రతిపాదన నిలబడలేదు. నిలబడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గడిని విప్పితే ఏ హల్లు ఏ అక్షరానిదో మళ్లీ చెవితో తేల్చుకోవలసి వస్తుంది. ‘ఓత్’లోని సకారం ఇకారం పక్కన చేరి తన మాటను విడిచిపోయినట్టు కనిపిస్తుంది. మూలాన్ని నిలిపే రాతకూ గడికీ ఉన్న సంబంధం అంత దగ్గరది.

యంత్రాలకు మాత్రం గడి నిజంగానే కష్టం కలిగించింది. ఒకే గియొక్ ‘గ’లో సన్నగా పొడవుగా, ‘గో’లో వెడల్పుగా పొట్టిగా, ‘గుక్’లో రెండు చోట్లా అణిగి ఉండాలి. గోంగ్ బ్యొంగు అనే కంటి వైద్యుడు 1949లో రూపొందించిన టైప్‌రైటర్‌లో మొదటి హల్లులకు, అచ్చులకు, తుది హల్లులకు వేర్వేరుగా మూడు జట్ల మీటలు ఉండేవి. బత్చిమ్ ఉన్న అక్షరం కిందికి వేలాడుతూ, లేనిది పైనే ఆగిపోతూ, వరుస అడుగు భాగం హెచ్చుతగ్గులుగా వచ్చేది. చదరం చెదిరినా వేగం వచ్చింది. ఆ చెదరడంలోనే అందాన్ని చూసి, వర్ణాల కొలత మారకుండా గడిని దాటిపోయే అచ్చు అక్షరాలను 1985లో ఆన్ సాంగ్‌సు అనే రూపకర్త తయారు చేశాడు.

కంప్యూటర్ల కాలంలో ఈ చర్చ మరో రూపంలో వచ్చింది. మొదటి స్థానానికి 19, అచ్చుకు సంయుక్త స్వరాలతో కలిపి 21, బత్చిమ్‌కు 27 రకాలు, బత్చిమ్ లేకపోవడం మరొకటి కలిపి 28. ఈ మూడింటినీ హెచ్చవేస్తే 11,172 అక్షరాలు వస్తాయి. 1987లో దక్షిణ కొరియా ప్రమాణంగా తీసుకున్న సంకేత పట్టికలో వాడుకలో ఎక్కువగా ఉన్న 2,350 పూర్తి అక్షరాలకే చోటు ఇచ్చారు. వర్ణాలను కలిపి ఏ అక్షరాన్నైనా నిర్మించుకునే లిపిలో, పట్టికలో లేదన్న కారణంతో సక్రమమైన అక్షరాన్ని టైపు చేయలేకపోవడం ప్రజలకు మింగుడు పడలేదు. ‘త్తోమ్’ వంటి అక్షరాలు అందుకు ఉదాహరణగా నిలిచాయి. 1996 నాటి యూనికోడ్ రెండవ సంచికలో 11,172 అక్షరాలూ ఒకే వరుసలో చేరాయి. ఆ వరుసలో ఏ అక్షరానికైనా సంఖ్యను లెక్కకట్టి చెప్పవచ్చు: మొదటి హల్లు క్రమసంఖ్యను 21తో హెచ్చవేసి, అచ్చు సంఖ్యను కలిపి, వచ్చినదాన్ని 28తో హెచ్చవేసి, బత్చిమ్ సంఖ్యను కలిపి, చివరగా 44,032 చేర్చాలి. మొదటి హల్లును, అచ్చును సున్నా నుంచి లెక్కించాలి, బత్చిమ్ లేకపోతే దాని సంఖ్య సున్నా. ‘హన్’లో హకారం 18, అకారం 0, నకారం 4, లెక్క చేస్తే 54,620 వస్తుంది. సేజోంగ్ చేసిన మూడు ముక్కల విభజన ఇక్కడ కూడికలు, హెచ్చవేతలుగా పనిచేస్తోంది.

టైపు చేసేటప్పుడు తెర మీద కనిపించే ఒక వింత కూడా ఈ కూర్పు నుంచే పుట్టింది. ఇప్పుడు సాధారణంగా వాడే కీబోర్డులో హల్లులు ఎడమ చేతికి, అచ్చులు కుడి చేతికి ఉంటాయి. మొదటి హల్లుకూ బత్చిమ్‌కూ మీట ఒకటే. ‘గన’ అని రాయాలంటే ముందు ‘గ’ వస్తుంది, నకారం నొక్కగానే అది బత్చిమ్‌గా అడుగున చేరి ‘గన్’ అవుతుంది, తరువాత అకారం నొక్కిన క్షణంలో ఆ నకారం అక్కడి నుంచి ఎగిరి తరువాతి గడి మొదట కూర్చుంటుంది. ఇలా ఒక క్షణం ఇక్కడ, మరు క్షణం అక్కడ మెరిసే దీనిని కొరియన్లు కొరివి దెయ్యం మంటతో పోల్చి ‘దోక్కేబిబుల్’ అని పిలుస్తారు. కింద ఉన్న హల్లు ఎవరిదన్న ప్రశ్నను యంత్రం ప్రతి అక్షరానికీ వేసుకుని, తరువాతి మీటను బట్టి జవాబు చెప్పుకుంటోంది.

ఈ 11,172లో నేటి వర్ణాల కూర్పులే ఉన్నాయి. పదిహేనవ శతాబ్దపు అక్షరాలలో గడి పైభాగాన కూడా రెండు మూడు వేర్వేరు హల్లులు పక్కపక్కన ఉండేవి. వాటిని చూపాలంటే వర్ణాలను విడివిడిగా ఇచ్చి కలపవలసిందే. బియ్యానికి నేటి మాట ‘స్సల్’. ఆ రోజులలో దాని గడి పైభాగంలో సియొత్‌కు ముందు బియుప్ అనే పవర్గపు హల్లు ఉండేది, అంటే ఆ మాట పకారంతో మొదలయ్యేది. ఆ పకారం తరువాత మాట మొదటి నుంచి జారిపోయింది. కానీ కొర్రలకు ‘జో’ అని పేరు, వాటి బియ్యాన్ని ‘జోస్సల్’ అనకుండా ‘జోప్‌స్సల్’ అంటారు. ఈ ఏటి కొత్త బియ్యం ‘హేప్‌స్సల్’. ఐదు వందల ఏళ్ల కిందట రెండో గడి నెత్తిన ఉన్న ఆ బియుప్, అక్కడ చోటు పోయాక ముందు గడి అడుగుకు చేరి, బత్చిమ్‌గా నేటికీ పలుకుతూనే ఉంది.